శుక్రవారం నాటి మాంసం

మా తమ్ముడు శౌరయ్యను చంపింది రెండు మేకల మాంసం కోసం. వాడు దొంగిలించి తిన్నాడని కాదు. మా పేట ఆ మాంసం తినలేదని. ఈ మాట ఎవరితో చెప్పినా నమ్మరు. ఎన్నికల గొడవ అంటారు, పాత కక్షలేవో ఉండి ఉంటాయంటారు. కొట్టినవాళ్ళయితే ఎద్దు కుమ్మిందని రాయించారు. నేను అక్కడ నాలుగు బారల దూరంలో ఉన్నాను. ఎద్దు లేదు. గడ్డపార ఉంది.

తిరువూరు చివర, ఎ.కొండూరు వెళ్ళే రోడ్డు పక్కన మా పేట. నలభై గడపలు, అందరం ఆర్.సి.ఎం. క్రైస్తవులం. ఫాదర్ గారు నెలకొక ఆదివారం వచ్చి పూజ చేసి వెళ్తారు. మిగతా రోజుల్లో గంట కొట్టడం, జపాలు చెప్పించడం, పోయినవాళ్ళకు ప్రార్థన చదవడం ఉపదేశి పని. మా ఆయన రాయప్పే ఆ ఉపదేశి. పేరుకు ఉపదేశి గానీ నోట్లో నాలుక లేని మనిషి. మేక అడ్డం వస్తే తానే పక్కకు తప్పుకుని దారిచ్చే రకం. అలాంటివాడు పట్టుబడితే ఎంత మొండివాడో కాపురానికొచ్చిన పదిహేనేళ్ళకు గానీ నాకు తెలియలేదు.

నేను వీరరాఘవయ్య గారింట్లో పని చేసేదాన్ని. దొడ్డి ఊడవడం, పేడ ఎత్తడం, వడ్లు దంచడం. శౌరయ్య అదే ఇంట్లో పాలేరు. మా అమ్మ పోయినప్పుడు వాడికి మూడేళ్ళు. నా చంకలోనే పెరిగాడు. పెళ్ళయి ఇద్దరు బిడ్డల తండ్రయినా నాకు మాత్రం శౌరిగాడే.

డెబ్భై ఎనిమిదిలో శాసనసభ ఎన్నికలొచ్చాయి. నిలబడ్డవాళ్ళెవరో మాకు సరిగా తెలియదు. నిలబెట్టినవాళ్ళు తెలుసు. ఒక పార్టీని భుజాన మోసేది వీరరాఘవయ్య గారు, రెండో పార్టీని మోసేది బసవపున్నయ్య గారు. మామూలు రోజుల్లో ఇద్దరికీ మేం కనపడం. ఓట్లు రాగానే ఇద్దరికీ మా దేవుడు కనపడ్డాడు.

ముఖ్యంగా వీరరాఘవయ్య గారి భక్తి చూడాలి. పొద్దున నెమలి గ్రామం వెళ్ళి వేణుగోపాలస్వామికి అర్చన చేయించి, ఆ ఊరివాళ్ళందరి చేతా స్వామి ముందు ప్రమాణాలు చేయించాడు. నుదుటి మీద నామం తుడుచుకుని మధ్యాహ్నానికి మా గుడికి వచ్చాడు. సరిగ్గా చెరగక ఒక పక్క ఎర్రగా మిగిలే ఉంది. మరియమ్మ తల్లికి బంతిపూల దండ వేసి, మా ఆయన చెవి దగ్గర, "ఈ అమ్మవారికి కొబ్బరికాయ కొడతారా రాయప్ప గారూ?" అని అడిగాడు. కొట్టం, కొవ్వొత్తి వెలిగిస్తామన్నాడు మా ఆయన. సరేనని పది కొవ్వొత్తులు వెలిగించాడు. తాతల నాటి నుంచి ఆ ఇంట్లో మా ఆయన పేరు చివర ఉన్నది 'ఒరేయ్' ఒక్కటే. ఆ వేళ 'గారూ' విని మా ఆయనకు కళ్ళు చెమర్చాయి. నాకు ఒళ్ళు మండింది.

అయితే గుడి కప్పు విషయం చెప్పాలి. తాటాకు కప్పు చివికిపోయి వాన వస్తే సిలువ మీదే ధార పడేది. వీరరాఘవయ్య గారు వారంలో ఇనపరేకులు వేయించాడు. ఆ రేకులు చూసి నేనూ మెత్తబడ్డాను, అబద్ధమెందుకు. ఆ ఆదివారం మా ఆయన గుడిలో పెద్ద సిలువను కిందికి దించి బల్ల మీద పెట్టాడు. ఒక్కొక్కరం వచ్చి సిలువ మీద చెయ్యి వేసి, మా ఓటు వీరరాఘవయ్య గారు చెప్పిన గుర్తుకే అని ప్రమాణం చేశాం. ముసలి మాణిక్యమ్మ దగ్గర నుంచి కొత్తగా ఓటొచ్చిన పిల్లల దాకా. నేనూ చేశాను.

రెండు రోజుల తర్వాత బసవపున్నయ్య గారి తరఫున బాలశౌరి మాస్టారు వచ్చాడు. మాస్టారు మావాడే. మా గుడిలోనే జ్ఞానస్నానం పొందినవాడు, చదువుకుని బళ్ళో ఉద్యోగం తెచ్చుకుని ఊళ్ళోకి మారిపోయాడు. మనవాడిననే ధీమాతో ఓట్లడిగాడు. మాటిచ్చేశాం, సిలువ మీద ప్రమాణం కూడా అయిపోయింది మాస్టారూ అన్నాడు మా ఆయన. మాస్టారు బతిమాలలేదు, కోప్పడలేదు. నవ్వి సైకిలెక్కాడు.

ఎన్నికలు శనివారం. ముందు గురువారం నేను దొడ్లో పేడ ఎత్తుతుంటే వీరరాఘవయ్య గారి భార్య సరోజినీదేవి గారు గుమ్మంలోకి వచ్చారు. "మీ వాళ్ళకు ఏం పెడితే సంతోషిస్తారే అంతోనమ్మా?" అన్నారు.

"మేకను కోస్తే సంతోషించనివాళ్ళు ఎవరుంటారండి," అన్నాను నేను.

ఎప్పుడు పెడతారని అడగలేదు. ఎన్నికల భోజనాలు గెలిచాకే పెట్టడం నేనెరుగుదును. ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు. ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే శౌరిగాడు బతికేవాడు. ఇన్నేళ్ళుగా ఆ పేడగంప పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నట్టుంటుంది నాకు.

అప్పుడు మాకు తపస్సు కాలం. విభూది బుధవారం నాడు నుదుట బూడిద పెట్టుకున్న దగ్గర నుంచి పాస్కా పండగ, అంటే ఈస్టరు దాకా నలభై రోజులు. ఆ కాలంలో శుక్రవారం మాంసం ముట్టం. ఏసుప్రభువు చనిపోయిన వారమని. చేపలకు అడ్డు లేదు. చిన్నప్పటి నుంచి ఇంతే. మాంసం మాకు ఏడాదికి నాలుగుసార్లు దొరికితే గొప్ప. అయినా ఆ నలభై రోజుల్లో శుక్రవారం నాడు మేం మానేస్తాం. లేక తినకపోవడం వేరు, మానేయడం వేరు. ఆ ఒక్కరోజు మేం కావాలని మానేసేవాళ్ళం.

శుక్రవారం పొద్దున్నే బాలశౌరి మాస్టారు రెండు గంపల చేపలు దింపించాడు. కట్లేరులో పట్టించినవి, ఇంకా మొప్పలు ఆడుతున్నాయి. "పార్టీ సంగతి వదిలెయ్యండి. శుక్రవారం కదా, మనవాళ్ళు పప్పునీళ్ళతో ఉంటారని తెచ్చాను. చదువు చెప్పినవాణ్ణి, ఆ మాత్రం పెట్టుకోకూడదా?" అన్నాడు. మా ఆయన మొహమాటపడ్డాడు గానీ కాదనలేదు. ఇంటింటికీ పంచాం. పన్నెండయ్యేసరికి పేటంతా చేపల పులుసు వాసన. వీధి నిండా పొలుసులు.

అప్పుడొచ్చింది శౌరిగాడి బండి. రెండు గంగాళాల మాంసం కూర, ఒక గంగాళం అన్నం. మేకల్ని ఇంట్లో కోయలేదు, విస్సన్నపేట వైపు మామిడితోటలో కోసి అక్కడే వండించారు. ఎందుకంటే శుక్రవారం సరోజినీదేవి గారు లక్ష్మీపూజ చేసుకుంటారు. ఆ రోజు ఆ ఇంటి గడపలోకి నీచు వాసన కూడా రాకూడదు. ఇది నాకు ఏళ్ళుగా తెలుసు.

బండితో పాటు వీరరాఘవయ్య గారి మేనల్లుడు వెంకటప్పయ్య సైకిలు మీద వచ్చాడు. అందరూ తిన్నారో లేదో దగ్గరుండి చూసి రమ్మన్నారట. శౌరిగాడు గంగాళం దించుతూనే మా ఆయన ముఖం చూశాడు. వాడికి అప్పుడు గుర్తొచ్చింది ఏ వారమో. తెల్లారకముందు నుంచి మేకలతో, పొయ్యిలతో సతమతమైనవాడికి వారం ఎక్కడ గుర్తుంటుంది.

మా గుడిసె వెనక్కి లాక్కెళ్ళాడు మమ్మల్ని. "బావా, ఈ ఒక్కపూటా తినమని చెప్పు. అందరూ తింటారని ఆయనకు నేను మాటిచ్చా. నా ఇంటి ముక్క తిన్నవాడు రేపు నన్ను కాదని ఎక్కడికి పోతాడని పదిమందిలో అన్నాడు. తినకపోతే ఇంకోలా అనుకుంటాడు బావా."

"రేపు పొద్దున్నే తింటాం శౌరీ. మళ్ళీ ఒక పొంగు రానిచ్చి ఉంచితే పాడవదు. మేం ఆయన మనుషులమే, ఎక్కడికి పోతాం. అదే చెప్పు," అన్నాడు మా ఆయన.

"నువ్వు చెప్పవయ్యా. ఒక్కరోజు తింటే దేవుడేం చూస్తూ కూర్చోడు. పాపమంటే నా నెత్తిన వేసుకుంటా," అన్నాను నేను.

"సెలవివ్వాల్సింది ఫాదర్ గారు. ఆయన బెజవాడ వెళ్ళారు. నేనెవర్ని సెలవివ్వడానికి? ఎవర్నీ తినొద్దని కూడా నేననను. ఎవరిష్టం వాళ్ళది. నేను మాత్రం తినను."

అంతే అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. శౌరిగాడు విసురుగా వెళ్ళి గంగాళంలోంచి ఒక ముక్క తీశాడు. పేటంతా చూస్తోంది. "నేను తింటున్నా, చూడండి," అన్నాడు. ముక్క నోటి దాకా వెళ్ళింది. మళ్ళీ గంగాళంలో వేసేసి, లుంగీకి చెయ్యి తుడుచుకుని, తల దించుకున్నాడు. వాడు తినలేకపోయినదాన్ని ఇంకెవరు తింటారు.

వెంకటప్పయ్య ఇదంతా బండి పక్కన నిలబడి చూశాడు. తర్వాత కాళ్ళ కింద చూశాడు. "ఈ పొలుసులేంటి?" అని మాణిక్యమ్మను అడిగాడు.

"మాస్టారు చేపలు పంచాడయ్యా," అంది ముసలమ్మ. దాచాల్సిన సంగతని ఆమెకు తెలియదు.

"బసవపున్నయ్య గారి మాస్టారా?"

"ఆ, మా బాలశౌరే."

వెంకటప్పయ్య సైకిలు తిప్పుకున్నాడు. శౌరిగాణ్ణి బండెక్కమన్నాడు. గంగాళాలు మా గుడి ముందే వదిలేసి వెళ్ళిపోయారు. బండి మలుపు తిరిగేదాకా శౌరిగాడు వెనక్కి తిరిగి నన్నే చూశాడు.

నాలుగింటికి గుడిలో సిలువ మార్గం మొదలుపెట్టాం. తపస్సు కాలంలో శుక్రవారం సాయంత్రాలు గోడల మీది పద్నాలుగు పటాల దగ్గరా ఆగి ప్రార్థన చేస్తాం. ఏడో పటం దగ్గరుండగా ట్రాక్టరు చప్పుడు వినపడింది.

ఇరవై మంది దాకా దిగారు. కర్రలు, గొడ్డళ్ళు, గడ్డపారలు. మొదట గంగాళాలు తన్నారు. తర్వాత గుడి మీదికెక్కి రేకులు పెరకడం మొదలుపెట్టారు. "మా రేకుల కింద కూర్చుని బసవపున్నయ్య చేపలు తింటార్రా," అని అరుస్తున్నాడొకడు. కట్టు తెగిన రేకు జారి మాణిక్యమ్మ పిక్క మీద పడింది. ఎముక తెల్లగా కనపడింది నాకు. జనం బయటికి పరిగెత్తారు. బయట కర్రలతో కాచుకుని ఉన్నారు. ఆడా మగా చూడలేదు. కడుపుతో ఉన్న జోజమ్మ చేతులు కడుపు మీద పెట్టుకుని ముడుచుకుంటే వీపు మీద కొట్టారు. జోజప్ప చెవి తెగి దవడ మీద వేలాడింది. గుడిసెలకు నిప్పు పెట్టారు. ఎండకు ఎండిన తాటాకు, చెప్పాలా. మా గుడిసె రెండోది.

మా ఆయన్ని గుడిలోంచి జుట్టు పట్టి ఈడ్చుకొచ్చి మాంసం గంగాళం ముందు మోకాళ్ళ మీద కూలేశారు. వెంకటప్పయ్య మట్టిలో పడిన ముక్కలు గుప్పిట్లోకి తీసుకుని మా ఆయన నోటికి అదిమాడు. "తినరా."

"శుక్రవారమండి," అన్నాడు మా ఆయన.

"మీకు శుక్రవారమేంట్రా," అన్నాడు వెంకటప్పయ్య. నిజంగానే ఆశ్చర్యపోయినట్టు అన్నాడు.

మా ఆయన పళ్ళు బిగించాడు. కర్రతో కుడిచెయ్యి మీద కొట్టారు. పచ్చి కట్టె విరిగినట్టు చప్పుడొచ్చింది. అయినా నోరు తెరవలేదు. కర్ర మొనతో మూతి మీద పొడిచారు. ముందు పళ్ళు రెండు ఊడి గడ్డం మీద నుంచి కిందపడ్డాయి. అప్పుడు తెరుచుకుంది నోరు. అందులో మాంసమూ మట్టీ కుక్కారు. ఆయన నెత్తురుతో సహా ఉమ్మేశాడు. నన్ను ఇద్దరు రెక్కలు విరిచి పట్టుకున్నారు. ఒకడి మణికట్టు కొరికాను. వాడి చర్మం నా నోట్లోకొచ్చింది.

వీరరాఘవయ్య గారు ట్రాక్టరు దిగలేదు. దాని వెనక తొట్టిలో శౌరిగాడున్నాడు, చేతులు పలుపుతాడుతో కట్టేసి. అప్పటికే వాణ్ణి కొట్టి ఉన్నారు, ఒక కన్ను మూసుకుపోయింది. అక్కడి నుంచే అరుస్తున్నాడు. "అయ్యగారూ, వాళ్ళు మనవాళ్ళేనండి. సిలువ మీద ప్రమాణం చేశారండి. ఇవాళ వాళ్ళు ముక్క తినకూడదండి. రేపు తింటారండి."

"చేపలు తిన్న నోటితోనే చేశారా ప్రమాణం?" అన్నాడు వీరరాఘవయ్య గారు.

వెంకటప్పయ్య మా ఆయన మీద గడ్డపార ఎత్తాడు. శౌరిగాడు కట్టిన చేతులతోనే తొట్టిలోంచి దూకి మా ఆయన మీద బోర్లా పడ్డాడు. ఎత్తిన గడ్డపార వెంకటప్పయ్య ఆపలేదు. ఆపాలనుకున్నాడో లేదో నాకు తెలియదు. శౌరిగాడి తల వెనక దిగింది. వాడు అరవలేదు. కాళ్ళు రెండు మూడుసార్లు నేలను తన్నాయి. మా ఆయన మీదే ప్రాణం పోయింది.

అప్పుడు ఆపారు. ట్రాక్టరెక్కి వెళ్ళిపోయారు. వెళ్తూ పెరికిన రేకులు తీసుకెళ్ళారు.

శనివారం పొద్దున అదే ట్రాక్టరు మళ్ళీ వచ్చింది, ఓటర్లను తీసుకెళ్ళడానికి. డ్రైవరు పేట బయటే ఆపి తల వంచుకు కూర్చున్నాడు. శౌరిగాణ్ణి కప్పు లేని గుడిలో బల్ల మీద పడుకోబెట్టి ఉన్నాం. పూడ్చడానికి ఫాదర్ గారు సాయంత్రానికి గానీ రారు. మా ఆయన చేతికి వెదురుబద్దలు కట్టి ఉన్నాయి. మూతి వాచి మాట తడబడుతోంది.

"వెళ్ళి ఓట్లేసి రండి. ప్రమాణం చేసిన గుర్తుకే వెయ్యండి," అన్నాడు పేట వాళ్ళతో.

నేను శౌరిగాడి తల దగ్గర నుంచి లేచాను. "నువ్వు మనిషివేనా?" అన్నాను. "నా తమ్ముడు నీ మీద పడి చచ్చాడు. వాణ్ణి చంపినవాడికి ఓటెయ్యమంటావా?"

"మాటిచ్చింది ఆయనకు కాదు అంతోనీ, సిలువకు. నిన్న శుక్రవారాన్ని ఎలా నిలుపుకున్నామో ఇవాళ ఇదీ అంతే. లేకపోతే శౌరి చెప్పింది అబద్ధమవుతుంది."

ఆ రోజు ఆయన్ని నేను అసహ్యించుకున్నాను. ఇప్పటికీ పూర్తిగా క్షమించలేదు.

కట్లు కట్టుకుని, కుంటుకుంటూ నడిచే వెళ్ళారు అందరూ. ట్రాక్టరు ఎక్కలేదు. చివర నేను. పోలింగు బళ్ళో పెట్టారు. పెట్టె దగ్గర ఒక పక్క ఏజెంటుగా వెంకటప్పయ్య, ఇంకో పక్క ఏజెంటుగా బాలశౌరి మాస్టారు. మా ఊళ్ళలో ఒక అలవాటుంది. చాటున ముద్ర వేసి, కాగితం మడిచే ముందు పెద్దోళ్ళ ఏజెంటుకు చూపించి మరీ పెట్టెలో వెయ్యాలి. ఆఫీసర్లు చూడనట్టు కూర్చుంటారు.

జోజప్ప తలకు గుడ్డ కట్టుకుని వెళ్ళి కాగితం విప్పి వెంకటప్పయ్యకు చూపించాడు. ముద్ర వీరరాఘవయ్య గారి గుర్తు మీదే ఉంది. జోజమ్మ చూపించింది. అదే గుర్తు. మాణిక్యమ్మను మంచం మీద మోసుకొచ్చారు, ఆమే వేసింది, అదే గుర్తు. పది మంది అయ్యేసరికి వెంకటప్పయ్యకు చెమట పట్టింది. ఇరవై మంది అయ్యేసరికి లేచి బయటికి వెళ్ళాడు. వీరరాఘవయ్య గారిని వెంటబెట్టుకొచ్చాడు. ఆయన గుమ్మంలో నిలబడి ఒక్కొక్క కాగితం చూశాడు. మా ఆయన ఎడమచేత్తో వేసిన వంకర ముద్ర కూడా చూశాడు. అవతల బాలశౌరి మాస్టారు నేల చూస్తున్నాడు.

నా వంతు వచ్చింది. చాటుకు వెళ్ళాను. ముద్ర చేతిలోకి తీసుకుని, మళ్ళీ పెట్టేశాను. కాగితం అలాగే తెచ్చి వెంకటప్పయ్య ముందు విప్పాను, మాస్టారు ముందు విప్పాను, చివరికి వీరరాఘవయ్య గారి ముందు విప్పాను. దాని మీద ఎక్కడా ముద్ర లేదు. ప్రమాణం తప్పింది పేట మొత్తం మీద నేనొక్కదాన్నే. ఆ ఏడు పాస్కాకు పాపసంకీర్తనానికి వెళ్ళి, మనిషి చెయ్యి కొరికిన సంగతి కూడా ఫాదర్ గారికి చెప్పుకున్నాను. ఇది చెప్పలేదు. ఎప్పటికీ చెప్పను.

వీరరాఘవయ్య గారు ఆ కాగితం వంక, నా వంక చూశాడు. ఆయన పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"నిన్న ఆ ముక్క తినేస్తే ఇదంతా ఉండేది కాదు గదే, అంతోనమ్మా," అన్నాడు మెల్లిగా.

"నిన్న శుక్రవారమండి. మీ ఇంట్లో ముట్టుకుంటారా?" అన్నాను.

ఆయన చూపు కాగితం మీదికి దించాడు.

"శౌరిగాడు మీకు ఆ మాటే చెప్పాడండి. ఇవాళ తింటామని కూడా చెప్పాడు."

కాగితం మడిచి పెట్టెలో వేసి, వాడి దగ్గరికి వెళ్ళిపోయాను.